మరుగైనదానిని చూచిన పిమ్మట

చదువవలసిన వేదభాగములు: 139వ కీర్తన, యోహాను 9:1-12



ఐదవ నెల స్కానింగు అను మాట వినబడని ఇల్లు నేడు మన పల్లెలలో లేదు. కడుపుతో నున్న స్త్రీకి పదునెనిమిదవ వారము రాగానే ఆశా కార్యకర్త గడపలోనికి వచ్చి, "అమ్మా, టిఫాకు పోవలెను" అని చెప్పుచున్నది. మన ప్రాంతపు స్త్రీలు కొందరు ఇచ్చటి ఆసుపత్రినుండి హైదరాబాదు పాతబస్తీలోని పేట్లబురుజు ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రికి పంపబడుచున్నారు. ఈ సంగతినిగూర్చి రెండు ప్రశ్నలు మాయొద్దకు వచ్చుచున్నవి. దేవుడు మరుగుచేసినదానిని మనుష్యుడు తొంగిచూడవచ్చునా అనునది మొదటిది. దీనిని పెద్దలు, అందులోను అత్తగార్లు, నలుగురిలో గట్టిగానే అడుగుదురు. రెండవదానిని నలుగురిలో ఎవరును అడుగరు. ఆరాధన ముగిసి అందరును వెళ్లిన పిమ్మట, గుడి తలుపునొద్ద భార్య మాటలాడక నిలిచియుండగా, భర్త నేలవైపు చూచుచు అడుగును: "అయ్యగారూ, చూచినారు. ఇప్పుడేమి చేయవలెను?" మొదటి ప్రశ్నకు జవాబు చెప్పుట కష్టము కాదు. రెండవదాని కొరకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

అసలు ఈ స్కానింగు అనగానేమో ముందు తెలిసికొందము. ఇది ఎక్స్‌రే కాదు. పూర్వము గర్భములోని బిడ్డను చూడవలెనన్న ఎక్స్‌రే తప్ప వేరు దారి లేకుండెను. దానివలన బిడ్డకు తరువాత కేన్సరు వచ్చు భయము హెచ్చునని 1956లో ఇంగ్లాండులో ఆలిస్ స్టూవర్టు అను వైద్యురాలు బయలుపరచెను. స్కానింగులో పనిచేయునది ధ్వని. మన చెవి క్షణమునకు ఇరువది వేల ప్రకంపనములకు మించిన ధ్వనిని వినజాలదు. ఈ యంత్రము పంపు ధ్వనియందు క్షణమునకు ఇరువది లక్షలు మొదలుకొని అంతకు మించిన ప్రకంపనము లుండును. అది తల్లి కడుపులోనికి పోయి, బిడ్డ ఎముకకును మాంసమునకును ఉమ్మనీటికిని తగిలి, బావిలో కేక వేసినప్పుడు వచ్చు ప్రతిధ్వనివలె తిరిగి వచ్చును. ఏది ఎంతసేపటికి ఎంత బలముగా తిరిగి వచ్చెనో యంత్రము లెక్కగట్టి తెరమీద బొమ్మ గీయును.

దీనిని ప్రసూతి వైద్యములోనికి తెచ్చినవాడు స్కాట్లాండులో గ్లాస్గో పట్టణపు వైద్యుడు ఇయన్ డోనాల్డు. బాయిలర్లు చేయు కర్మాగారములో ఇనుప రేకులలోని పగుళ్లను ధ్వనితో కనిపెట్టు యంత్రమొకటి యుండెను. 1955లో ఆయన శస్త్రచికిత్సలో తీసిన కణితలను కారులో పెట్టుకొని అక్కడికి తీసికొనిపోయి, ఆ యంత్రముతో వాటిని పరీక్షించి చూచెను. 1958లో తన తోడివారితో కలిసి ఆ ఫలితములను లాన్సెట్టు అను వైద్య పత్రికలో ప్రకటించెను. ఆయన భక్తిగల క్రైస్తవుడు. 1967లో బ్రిటనులో గర్భస్రావమును అనుమతించు చట్టము వచ్చినప్పుడు దానిని బాహాటముగా ఎదిరించినవారిలో ఒకడు. బిడ్డను కాపాడుటకై తాను తెచ్చిన యంత్రమే బిడ్డను వద్దనుటకు కూడ కారణమగుట ఆయన బ్రతికియుండగనే చూచెను. ఈ సంగతి మనము మరువరాదు, ఏలయనగా మన చిక్కు కూడ అదే.

టిఫా అనునది అయిదు ఇంగ్లీషు మాటల మొదటి అక్షరముల కూర్పు. బిడ్డ అవయవములలో లోపములున్నవేమో ఏరి ఏరి చూచుట అని దాని భావము. పదునెనిమిది మొదలు ఇరువదిరెండు వారముల నడుమ చేయుదురు. అప్పటికి బిడ్డ జానెడు ప్రమాణము. అవయవములన్నియు ఏర్పడియుండును, ఉమ్మనీరు చాలినంత యుండుటచేత బొమ్మ తేటగా వచ్చును. తల ఎముక పూర్ణముగా నున్నదా, మెదడులో నీరు చేరెనా, వెన్నుపూస చర్మముతో కప్పబడెనా, పై పెదవి కలిసియున్నదా, గుండెకు నాలుగు గదులున్నవా, పొట్ట గోడ మూసికొన్నదా, మూత్రపిండములు రెండును ఉన్నవా, కాలు తిన్నగా నున్నదా, మాయ ఎక్కడ అంటుకొనియున్నది అని ఒక్కొక్కటిగా పరీక్షింతురు. ఓపికగల వైద్యురాలికి అరగంట పట్టును.

ప్రైవేటు కేంద్రములలో దీనికి రెండు మూడు వేల రూపాయలగుటచేత కూలివారు మానుకొనుచుండిరి. 2022 నవంబరులో తెలంగాణ ప్రభుత్వము 44 ప్రభుత్వ ఆసుపత్రులకు 56 టిఫా యంత్రముల నిచ్చి, ఆ ప్రారంభోత్సవమును పేట్లబురుజులోనే జరిపెను. ఆ ఆసుపత్రి సిటీ కాలేజీకి సమీపమున, ఉస్మానియా వైద్య కళాశాలకు చేరిన బోధనాసుపత్రి. కాన్పుల ఆసుపత్రిని పాతబస్తీ పెద్దలు జజ్గీఖానా అని పిలుచుచుందురు. మన సంఘస్థులతో మేము అక్కడికి వెళ్లినప్పుడు చూచిన దేమనగా, బురఖా ధరించిన తల్లియు, మన పల్లెనుండి జొన్నరొట్టె మూటతో వచ్చిన తల్లియు ఒకే బల్లమీద కూర్చుండి, భాష రాకపోయినను, ఎన్నవ నెల అని వ్రేళ్లతో అడిగి తెలిసికొనుచున్నారు. వారి భయము ఒక్కటే.

ఇక మొదటి ప్రశ్న. 139వ కీర్తనలో భక్తుడు తల్లి గర్భమందు తాను నిర్మింపబడినప్పుడు దేవుని కన్ను తన్ను చూచెనని ఆశ్చర్యపడుచున్నాడు. దేవుడు చూచుచున్నాడని చెప్పెనే గాని మనుష్యుడు చూడరాదని చెప్పలేదు. సోదె అడుగుట, జాతకము చూపించుకొనుట మనకు నిషిద్ధములు. ఎందుకనగా అవి రేపటిని చెప్పబూనును. స్కానింగు రేపటిని చెప్పదు. నేడు ఉన్నదానిని చూపును. వైద్యుడు రొమ్మున గొట్టము పెట్టి గుండె చప్పుడు వినుట తప్పు కానప్పుడు ఇదియు తప్పు కాదు. అయితే మనవారు దీనిని సోదెవలె వాడుకొనుట కలదు. "స్కానింగులో అంతయు బాగున్నదని చెప్పిరి, ఇక భయము లేదు" అందురు. అట్లు కాదు. గుండెలోని చిన్న రంధ్రములు తప్పిపోవచ్చును. బిడ్డ వెన్ను త్రిప్పి పండుకొన్నచో ముఖము కనబడదు. బుద్ధి ఎదుగుదల మందగించు డౌన్ లక్షణమును స్కానింగు అనుమానించగలదే గాని తేల్చలేదు. తేల్చుటకు ఉమ్మనీరు తీసి పరీక్షింపవలెను. యంత్రము కంటె దానిని చదువు కన్ను ముఖ్యము. కాబట్టి బాగున్నదను మాటను వాగ్దానముగా తీసికొనరాదు, అనుమానమున్నదను మాటను తీర్పుగా తీసికొనరాదు.

చూచినదానినంతయు చెప్పవలెనా? ఇది ఇంకొక ప్రశ్న. ఒకటి చెప్పకూడదని మన దేశపు చట్టము నిర్ణయించెను. 1994లో చేయబడి 1996లో అమలునకు వచ్చి 2003లో సవరింపబడిన చట్టము ప్రకారము బిడ్డ ఆడదో మగవాడో నోటిమాటతో గాని సైగతో గాని తెలుపుట నేరము. మొదటి తప్పుకే మూడేండ్ల వరకు చెరసాల. ఇంత కఠినమైన చట్టము ఎందుకు కావలసివచ్చెను? ఉమ్మడి ఆంధ్రప్రదేశములో ఆరేండ్లలోపు మగపిల్లలు వెయ్యిమందికి ఆడపిల్లలు 2001లో 961 మంది యుండగా, 2011 జనాభా లెక్కలలో 939కి దిగిరి. ఆ తగ్గిన పిల్లలలో అనేకులు తెరమీద ఒకసారి కనబడినవారే. ఫరో దినములలో షిఫ్రా, పూయా అను మంత్రసానులు మగపిల్లలను చంపుమనిన రాజాజ్ఞను మీరిరి. వారు దేవునికి భయపడిరని నిర్గమకాండము చెప్పుచున్నది. మన కాలములో రాజు ఆజ్ఞ బిడ్డ పక్షమున నున్నది. ఇంటిలోని పెద్దలే ఫరోలైరి. "కొంచెము చెప్పించండి అయ్యగారూ, డాక్టరమ్మ మీ మాట వినును" అని క్రైస్తవ గృహములవారే మమ్ము అడిగిన దినములున్నవి. వారికి మేము కాఫీ కూడ ముట్టక లేచి వచ్చితిమి.

ఆ మౌనము మంచిది. కాని వేరొక మౌనము కలదు, అది మంచిది కాదు; దానినిగూర్చి ఎవరును వ్రాయరు గనుక కొంచెము విస్తరించి వ్రాయుదుము. బిడ్డలో లోపము కనబడినప్పుడు ఆ మాట ఎవరితో చెప్పుచున్నారు? భర్తను ప్రక్కకు పిలిచి చెప్పుచున్నారు. లేక అత్తగారితో చెప్పుచున్నారు. ఎవరి కడుపులో బిడ్డ యున్నదో ఆమెకు మాత్రము, "ఏమియు లేదమ్మా, మరియొకసారి చూడవలెనట" అని చెప్పుచున్నారు. మేమెరిగిన ఒక ఇంటిలో ఆ తల్లికి పదునొకండు దినముల తరువాత తెలిసెను. అదియు చెల్లెలి నోట, నీళ్ల కుళాయియొద్ద. ఆ పదునొకండు దినములలో మగవారు కూర్చుండి ఏమి చేయవలెనో నిర్ణయము చేసి ముగించిరి. దయచేతనే చేసితిమని వారు చెప్పిరి. దయయే కావచ్చును. కాని చట్టము వారికంటె న్యాయముగా నున్నది. 1971 నాటి చట్టములోనే గర్భమును తీయుటకు ఆ స్త్రీ సమ్మతి కావలెనని యున్నది. ఆమె వయస్సు వచ్చినదైతే భర్త సంతకము అవసరము లేదు. గబ్రియేలు దూత మొదట యోసేపునొద్దకు పోలేదు, మరియయొద్దకు పోయెను. భార్యకు తెలియకుండ భర్తకు తెలుపుట దేవుడు కూడ చేయని పనియని మేము స్త్రీల సమాజములో చెప్పినప్పుడు కొందరు నవ్విరి. నవ్వవలసిన సంగతి కాదది.

కనబడు లోపములన్నియు ఒక్కటి కావు. ఇది తెలియకయే సగము భయము పుట్టుచున్నది. మనవారు గ్రహణము మొర్రి అను పెదవి చీలికకు శస్త్రచికిత్స కలదు. బిడ్డకు మూడు నెలలు దాటిన తరువాత కుట్టుదురు. వంకర పాదమునకు పుట్టిన మొదటి వారములలోనే పిండికట్లు వేసి క్రమముగా తిన్నన చేయుదురు. గుండె లోపములు కొన్నిటికి ఆపరేషను ఆరోగ్యశ్రీలో చేర్చబడియున్నది. ఆ పథకము 2007లో ఆరంభమాయెను. ముందుగా తెలిసినయెడల కాన్పు ఊరిలో గాక, బిడ్డల వైద్యులున్న పెద్ద ఆసుపత్రిలో జరుగునట్లు చూచుకొనవచ్చును. ఇట్టివారికి స్కానింగు నిజముగా మేలు. రెండవ తరగతి వేరు. తలపై ఎముకయు మెదడులో అధిక భాగమును ఏర్పడని బిడ్డ కలడు. ఆ బిడ్డ పుట్టినను గంటలో దినములో మాత్రమే జీవించును. ఏ వైద్యుడును ఏమియు చేయజాలడు. ఈ రెంటికి నడుమ నున్నది కష్టమైన చోటు: వెన్నుపూస మూసికొనని బిడ్డ, డౌన్ లక్షణమున్న బిడ్డ. వీరు బ్రతుకుదురు. నడువలేకపోవచ్చును, ఆలస్యముగా మాటలాడవచ్చును, మరియు నవ్వుదురు, అలుగుదురు, అమ్మను గుర్తింతురు.

2021లో సవరింపబడిన చట్టము ప్రకారము, గర్భస్థ శిశువుకు తీవ్రమైన లోపమున్నదని వైద్య మండలి నిర్ధారించినచో ఇరువదినాలుగు వారములు దాటిన తరువాత కూడ గర్భమును తీయవచ్చును. చట్టము దారి తెరచెను. అందులో నడువుమని చెప్పలేదు. మా మనస్సులోని మాట దాచక చెప్పుదుము. మెదడు లేని బిడ్డను మోయుచున్న తల్లి, కాన్పు వరకు మోసినను, ముందుగా విడిచినను, ఆమెపై పాపమను మాట మోపుటకు మాకు నోరు రాదు. ఆమె రెండు దుఃఖములలో ఒకదానిని ఎన్నుకొనుచున్నది. నడుమ చోటనున్న బిడ్డ విషయములో మాత్రము మేము బిడ్డ పక్షమున బ్రతిమాలుదుము. కుంటివాడగునని ఒక ప్రాణమును వద్దనుటకు మేము ఒప్పుకొనజాలము. మెఫీబోషెతు రెండు కాళ్లు కుంటివాడైనను రాజు బల్లయొద్ద భోజనము చేసెను గదా.

అయితే ఒక్క క్షణము ఆగుదము. మెఫీబోషెతునకు దావీదు భూమి నిచ్చెను, సేద్యము చేయుటకు సీబాను, అతని కుమారులను, సేవకులను నియమించెను. మనము ఆ తల్లికి ఏమి ఇచ్చుచున్నాము? బిడ్డను ఉంచుకొనుమని పీఠముమీదనుండి చెప్పుట సులభము. బిడ్డను ఎత్తుకొని నెలకు రెండుసార్లు బస్సెక్కవలసినది ఆమె. కూలి పోగొట్టుకొనవలసినది ఆమె. పదేండ్ల పిల్లవాడు నడువజాలక గుడి మెట్లయొద్ద ఆగిపోయినప్పుడు వానిని చంకనెత్తుకొనవలసినది ఆమెయే. మన గుడికి ఏడు మెట్లున్నవి. ప్రక్కన ఒక వాలుదారి కట్టుటకు రెండు బస్తాల సిమెంటు, ఒక దినపు మేస్త్రీ పని చాలునని మా సంఘపెద్ద లెక్కవేసెను. గత కోతపండుగ కానుకలో కొంత భాగము దానికి తీసిపెట్టితిమి. మైకుసెట్టు కొనవలెనని యువకులు కొంచెము కోపపడిరి. మోయుటకు భుజమీయని సంఘమునకు మోయుమని ఆజ్ఞాపించు హక్కు లేదని మేము తలంచుచున్నాము.

భుజమీయకపోగా, మనవారు మాటలతో పొడిచెదరు. పుట్టుగుడ్డివానిని చూచి శిష్యులు అడిగిన ప్రశ్నయే నేటికిని మన వీధులలో అడుగబడుచున్నది: ఎవరు చేసిన పాపమిది? ప్రభువు ఆ ప్రశ్ననే త్రోసివేసెను; వాడును కాదు, వాని కన్నవారును కాదని చెప్పెను. మనము ఆ భాగమును చదివి ఆమేనని పలికి, ఇంటికి పోయి, గ్రహణము పట్టినప్పుడు గర్భిణిని చీకటి గదిలో కదలక పండుకొనుమందుము. మొర్రి పెదవికిని గ్రహణమునకును ఏ సంబంధమును లేదు. నీడ పెదవిని కోయదు.

కారణము తెలిసినవి కొన్ని గలవు. వాటిని మాత్రము మనము వినుట లేదు. నూరు కాన్పులలో రెండు మూడింట ఏదో ఒక పెద్ద లోపము కనబడుట లోకమంతట నున్నదే. దగ్గరి రక్తసంబంధములో పెండ్లి చేసికొన్నవారికి అది ఇంచుమించు రెట్టింపగునని వైద్యులు చెప్పుచున్నారు. మన తెలుగువారిలో మేనరికము, అక్క కూతురిని చేసికొనుట పూర్వాచారములు. పాతబస్తీ ముస్లిము కుటుంబములలో పినతండ్రి బిడ్డల నడుమ పెండ్లిండ్లు కలవు. అందుచేత పేట్లబురుజు బల్లమీద ప్రక్కప్రక్కన కూర్చున్న ఆ ఇద్దరు తల్లులకు ఈ సంగతి సమానముగా చెందును. పెండ్లి ప్రకటన చదువుటకు మాయొద్దకు వచ్చిన పెద్దలతో మేము ఈ మాట ఎత్తినప్పుడెల్ల వారు యాకోబును ముందుకు త్రోయుదురు. యాకోబు మేనమామ లాబాను కుమార్తెలనే చేసికొనలేదా అందురు. చేసికొనెను. యాకోబు చేసినదెల్ల మనము చేయబూనినచో అక్కచెల్లెండ్ర నిద్దరిని చేసికొని, పదునాలుగేండ్లు మామగారి గొర్రెలు కాయవలసియుండును. దానికి మన పెండ్లికుమారు లెవరును సిద్ధముగా లేరు. లేఖనము జరిగినదానిని చెప్పెను, అట్లు చేయుమని చెప్పలేదు. పొలము పోకుండుటకై పిల్లనిచ్చువారు, మనుమని వెన్నుపూసను కూడ లెక్కలో వేసికొనవలెను.

ఇంకొకటి బహు చౌకయైనది. ఫోలిక్ ఆమ్లపు మాత్రను గర్భము నిలుచుటకు ఒక నెల ముందునుండియు, మొదటి మూడు నెలలును వేసికొన్న స్త్రీకి వెన్నుపూస లోపము, తల ఎముక లోపము కలుగు భయము చాల తగ్గును. ఒకసారి అట్టి బిడ్డ పుట్టిన తల్లులలో ఎక్కువ మోతాదు ఇచ్చినప్పుడు నూటికి డెబ్బదికి పైగా తగ్గెనని 1991లో ప్రకటింపబడిన బ్రిటిషు పరిశోధన స్థాపించెను. మన ఆరోగ్య ఉపకేంద్రములో మాత్ర ఉచితము. చిక్కు ఏమనగా, వెన్నుపూస మూసికొనుట గర్భము నిలిచిన నాలుగవ వారములోనే ముగియును. చాలమందికి నెల తప్పినట్లు అప్పటికింకను తెలియదు. కాబట్టి పెండ్లికూతురికి ఇచ్చు బైబిలుతోపాటు ఆ మాత్రల పొట్లము కూడ ఇచ్చుట మా సంఘములో మొదలుపెట్టితిమి. సిగ్గుపడువారు సిగ్గుపడనిమ్ము.

పోయిన లెంతు దినములలో స్త్రీల సమాజపు కూటము ముగిసిన తరువాత ఒక చెల్లెలు మాకొరకు వేచియుండెను. ఆమెకు ఐదవ నెలలో స్కానింగు చేసి, తల ఎముక లేదని చెప్పియుండిరి. ఆమెతోనే చెప్పిరి, అది మేలాయెను. చివరివరకు మోయుదునని ఆమె తనంతట తానే నిశ్చయించుకొనెను, మేము చెప్పలేదు. అప్పటికి ఎనిమిదవ నెల. ఆమె అడిగినది ఒక్కటే: "అయ్యగారూ, ఊపిరి తీయకపోయినను నా బిడ్డకు పేరు పెట్టవచ్చునా? మన సమాధుల తోటలో చోటిత్తురా? మా మామగారు పొలము గట్టున పూడ్చుదమనుచున్నారు."

మన పెద్దల కాలములో అట్టి బిడ్డలను ప్రార్థన లేకయే పూడ్చుట అందరెరిగినదే. పేరు రిజిస్టరులో వ్రాయుదుమనియు, గంట కొట్టించి ఆరాధన జరిపింతుమనియు, తోటలో వేపచెట్టు క్రింద చోటు చూపింతుమనియు మేము ఆమెతో చెప్పితిమి. ఏ పేరు అనుకొన్నావమ్మా అని అడిగితిమి. ఐదవ నెలలో, ఆసుపత్రినుండి ఇంటికి వచ్చు బస్సులోనే పెట్టుకొంటినని చెప్పెను.